నాలుగు చేతుల పిడి

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. మియాపూర్ దగ్గర ఉద్యమకారులు నడిరోడ్డు మీద డేరా వేసి వంటావార్పు పెట్టడంతో హైటెక్ సిటీ నుంచి వస్తున్న మా బస్సు ఆగిపోయింది. భోజనాలయ్యాక డేరా విప్పారు గానీ, బస్సు దారికి అడ్డంగా ఉన్న ఒక ఇనుప మేకు మాత్రం ఎంతకీ ఊడిరాలేదు. పనిముట్ల నమూనాలు గీయడం నా ఉద్యోగం; ఆ రోజు నా సంచిలో ఉన్నది మేకులు పీకడానికి నేనే తయారుచేసిన పనిముట్టు! గబగబా దిగి, మేకుకు కొక్కెం తగిలించి, పిడి పట్టుకుని లాగాను. కదల్లేదు.

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ కూడా దిగొచ్చింది.

"జర జరుగన్నా, నేను గూడ ఓ చెయ్యేస్త."

"నేను చేసిన ఈ పిడి ఒక్కరికే సరిపోతుందండీ."

"గట్లెట్ల చేసినవ్?" అని నవ్వి, నా వేళ్ల మీదే తన వేళ్లు బిగించింది.

ఇద్దరం ఒక్క ఊపున లాగేసరికి మేకు ఊడింది, మేమిద్దరం వెల్లకిలా పడ్డాం. రోడ్డంతా ఈలలు!

అప్పటినుంచి నేను గీసే ప్రతి పనిముట్టుకీ నాలుగు చేతులు పట్టే పిడే పెడుతున్నాను.