రొయ్యలు లేని రొయ్యల నూడుల్స్

సన్నీవేల్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి రైల్లో వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున ఆరు దాటాక వచ్చే బండి పట్టుకోండి. టికెట్ బండిలోనే ఇస్తారు. పైఅంతస్తులో కూడా సీట్లుంటాయి, పిల్లలు అక్కడే కూర్చుంటామని పేచీ పెడతారు. మా రవిని మాత్రం నేను పైకి ఎక్కనివ్వలేదు. వాడు నా చేతికి అందేంత దూరంలో ఉండాలి.

రవికి తొమ్మిదేళ్లు. పసితనంలో ఫిట్స్ వచ్చేవి. ఆ రోజుల్లోనే ఇండియా వెళ్లి, కాశీలో గంగ ఒడ్డున నిలబడి రొయ్యలు వదిలేశాను. మా ఆడపడుచు కాకరకాయ వదిలేసి చేతులు దులుపుకుంది, ఎలాగూ దాని మొహం చూడదు కాబట్టి. నాది నరసాపురం. రొయ్యలు వదులుకోవడం అంటే ఏమిటో మా వైపు వాళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత పిల్లాడికి ఫిట్స్ రాలేదు. మందులూ వాడామనుకోండి, కానీ నా నమ్మకం నాది.

మొన్న స్కూల్లో రవి కిటికీకేసి చూస్తూ ఉండిపోయాడట. టీచర్ ఎంత పిలిచినా పలకలేదట. ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. అలా ఉండిపోవడం కూడా ఒకరకం ఫిట్సే కావచ్చని డాక్టర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్దాసుపత్రికి రాశాడు. తలకి వైర్లు అంటించి చేసే పరీక్ష. దానికి ముందు రాత్రి పిల్లాడు ఎక్కువసేపు నిద్రపోకూడదట. మా ఆయనకి లీవ్ దొరకలేదు.

బండి ఎక్కాక రవి చేతిలో రంగుల క్యూబ్ పెట్టినా, కాసేపటికే వాడి చూపు కిటికీ మీద ఆగిపోయేది.

"రవీ!"

"వాట్, అమ్మా?"

"ఏం లేదు."

పాలో ఆల్టో చేరేలోపు ఎన్నిసార్లు పిలిచానో నాకే తెలియదు. ఎదురు సీట్లో స్వెట్టర్ అల్లుకుంటున్న అమెరికన్ పెద్దావిడ తలెత్తి, "చూడనివ్వమ్మా, పిల్లలు కిటికీలోంచి చూడక ఇంకేం చేస్తారు?" అంది. నా భయం ఆవిడకేం తెలుసు! ఊరు దగ్గరపడ్డాక సొరంగాలు వస్తాయి. అద్దం నల్లబడినప్పుడల్లా వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆసుపత్రికి బస్సు స్టేషన్ బయటే దొరుకుతుంది. పరీక్ష మధ్యాహ్నం లోపే అయిపోయింది. పరీక్ష చేసినమ్మాయి మొహంలో ఏమైనా తెలుస్తుందేమోనని వెతికాను. "రేపు డాక్టర్ ఫోన్ చేస్తారు" అని నవ్వింది. ఆ నవ్వుకి కూడా భయపడ్డాను. పే ఫోన్ నుంచి మా ఆయనకి అదే చెప్పాను. జుట్టుకి జిగురు అంటుకున్న రవి "ఆకలి" అన్నాడు.

ఊరి మధ్యలో ఒక షాపింగ్ సెంటర్ అడుగున ఫుడ్ కోర్టు ఉంది. మూలగా ఉన్న స్టాల్ మీద 'ఫ్రైడ్ హొక్కియన్ ప్రాన్ నూడుల్స్' అని రాసి, బొమ్మ పెట్టారు. రవి వేలు దాని మీదికే పోయింది. స్టాల్ ఆవిడ సింగపూర్ నుంచి వచ్చిందట. "ఒకటి ప్రాన్స్‌తో, ఒకటి ప్రాన్స్ లేకుండా" అన్నాను. వింతగా చూసి తలూపింది. పెద్ద మూకుట్లో గుడ్డు కొట్టి, పసుపు నూడుల్స్, తెల్లవి కలిపి వేయించి, గరిటెడు ఎర్రటి రసం పోసి మూత పెట్టింది. రసం ఇగిరాక, పక్కన నిమ్మబద్దా, మిరపకాయ ముద్దా పెట్టి ఇచ్చింది.

మొదటి ముద్దకే ప్రాణం లేచొచ్చింది. ఇగురు దింపాక దాకలో అన్నం కలుపుకున్న రుచి. ఎక్కడిదో అనుకుంటూనే ప్లేటు ఊడ్చేశాను. చాలా బాగుందని చెబుదామని స్టాల్ దగ్గరికి వెళ్తే, ఆవిడ మురిసిపోయి వెనకున్న కుండ మూత తీసి, "రుచంతా ఇందులోనే" అంది. రొయ్య తలలూ పెంకులూ కుతకుత ఉడుకుతున్నాయి.

నా నూడుల్స్‌లో పోసిందీ ఆ రసమే. వెనక్కి తిరిగితే రవి ఎస్కలేటర్‌కేసి చూస్తున్నాడు. "రవీ!" అని అరిచాను. అందరూ మా వైపు తిరిగారు. వాడు నోట్లో రొయ్యతోనే "వాట్?" అన్నాడు.

సాయంత్రం బండిలో ఒకటే ఆలోచన. తెలియక తిన్నాను స్వామీ అందామంటే మనసు ఒప్పలేదు. నాలుక మొదటి ముద్దకే గుర్తుపట్టింది, నేనే అడగకుండా తిన్నాను. ఏదున్నా నాతో తేల్చుకో, పిల్లాడి జోలికి రాకు అని విశ్వనాథుణ్ణి వేడుకున్నాను. రేపటి ఫోన్ మీదే మనసు ఉండిపోయింది.

ఎవరో నన్ను పట్టి కుదిపారు. రవి. వాడి కళ్లనిండా నీళ్లు.

"అమ్మా, నువ్వు విండోకే చూస్తున్నావ్. నేను పిలిచా, మళ్లీ పిలిచా, నువ్వు పలకలే. నీకు కూడా వచ్చిందా?"

వాడికి ఈ భయం ఎవరు నేర్పారు? పొద్దుటి నుంచీ పిలిచి పిలిచి నేనే నేర్పాను.

"లేదు నాన్నా, ఏదో ఆలోచిస్తున్నా."

"స్కూల్‌లో నేను కూడా థింకింగే, అమ్మా" అని, కాసేపాగి, "ఐ థింక్" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఎడమవైపు కూర్చోండి, బే, అదే సముద్రపు పాయ, అక్కడక్కడా కనిపిస్తుంది. ఆ రోజు నేను చూసింది తక్కువ. రెడ్‌వుడ్ సిటీ దాటాక రవి మళ్లీ కిటికీ వైపు తిరిగి కదలకుండా కూర్చున్నాడు. వాడి పేరు నా గొంతుదాకా వచ్చింది. కొంగు గుప్పిట్లో బిగించాను. పాలో ఆల్టో వచ్చింది, పోయింది. మౌంటెన్ వ్యూ కూడా పోయింది. పిలవలేదు.

బండి నెమ్మదించాక వాడే ఇటు తిరిగాడు.

"అమ్మా, మన స్టేషన్."