తెల్లమేడంకు లాయరక్క సలహా

కుటుంబ నియంత్రణ మాట ఇనబడితే మగోళ్లు చాయ్ సగంల ఇడిసిపెట్టి లేసిపోయే కాలమది. అప్పుడు నేను ఇరవై మూడేండ్ల పిల్లను, లక్డారంల ఇల్లిల్లు తిరిగి గోలీలు, లూప్, ఆపరేషన్ గురించి చెప్పేదాన్ని. (నర్సును గాను. కానీ తెల్లచీర కడితే ఊరందరికీ నర్సమ్మనే.) నా జీతం బయటిదేశపోళ్ల సాయంకెళ్లి వచ్చేది. వాళ్లు ఆపితే నౌకరీ ఖతం. మా ఆయన ఫ్యాక్టరీ అప్పటికే మూతపడ్డది, ఇంట్ల నా జీతమే దిక్కు.

గట్లాంటప్పుడు, ఇంకా సాయం కావాల్నా వద్దా అని సూడనీకె ఒక తెల్లమేడం వస్తున్నదని కబురొచ్చింది. మా ఆఫీసు పెద్దసారు నన్ను పిలిచి, "సూడమ్మా, ఆడోళ్లు ఏం తెల్వనట్టు కనబడాలె. అన్నీ తెలుసంటే ఆమె వాపస్ పోతది. నీ నౌకరీ పోతది, నా జీపు పోతది" అన్నడు. నేను లక్డారం ఉరికి, ఆడోళ్లను కూసోబెట్టి దండం పెట్టిన. మూడేండ్లు తెలుసుకోండ్రని గొంతు చించుకున్నదాన్ని, గదే నోటితోని "ఏమడిగినా తెల్వదనుండ్రి" అని బతిమిలాడిన. సిగ్గులేని మొఖం నాది! అందరు సరేనన్నరు. లాయరక్క ఒక్కతే (ఇద్దరు పిల్లల తల్లి, దేనికైనా వాదం పెడ్తది, అందుకే ఆ పేరు) "మరి మా ఇజ్జత్ ఏం గావాలె?" అని మూతి తిప్పింది.

తెల్లారి బడి వరండాల తెల్లమేడం, పక్కన తెలుగుల చెప్పే పిల్ల. గోలీలు తెలుసా? తెల్వదు. లూప్ తెలుసా? తెల్వదు. లాయరక్క పెదవులు బిగబట్టుకొని కూసున్నది, నేను కండ్లతోనే దండాలు పెడుతున్న. ఇగ గండం గడిచిందనుకుంటుంటే ఒక ముసలామె తెల్లమేడంను, "నీకెందరు పిల్లలు బిడ్డా?" అనడిగింది. ఐదుగురట.

"ఐదుగురా!" లాయరక్క దిగ్గున లేసింది. "అయ్యో తల్లీ, నీకెవ్వలు చెప్పలేదా? లూప్ ఏయించుకుంటే ఏండ్లకేండ్లు ఫికర్ లేదు. లేకుంటే నీ మొగనికి ఆపరేషన్ చేపియ్యి, జెరసేపటి పని. మా ఆయనకు నేనే దగ్గరుండి చేపిచ్చిన." ఇగ ఎవ్వలు ఆగలేదు. "గోలీ మర్సిపోతే యాదికి రాంగనే ఏసుకోవాలె మేడం" అని ఒకామె, "మీ దేశంల చెప్పేటోళ్లు లేకుంటే మా నర్సమ్మను తోల్కపో" అని ఇంకొకామె. పెద్దసారు నెత్తి పట్టుకున్నడు. నాకు ఏడుపొస్తున్నది, ఇంత మంచిగ చెప్తున్నరని నవ్వూ వస్తున్నది. తెల్లమేడం పడిపడి నవ్వి నా చెయ్యి పట్టుకున్నది. "ఇగ మా అవసరం మీకు లేదు" అన్నదని ఆ పిల్ల చెప్పింది.

కొన్ని నెలలకు నా నౌకరీ పోయింది. ఆఖరిసారి లక్డారం పోయి, ఇగ రానని లాయరక్క ముంగట ఏడ్చిన. ఆమె నా కండ్లు తుడిచి, "రాకుంటే ఏమాయె, కొత్త కోడండ్లకు మేం చెప్పుకుంటం. నువ్వు చాయ్ తాగనీకె రా" అన్నది. నాకెంత కోపమొచ్చిందో! నేను లేకున్నా నడుస్తదా అని పోతిరెడ్డిపల్లి దాకా బస్సుల మూతి ముడుసుకొనే కూసున్న. ఇప్పుడు యాదికొస్తే ఆ ఇరవై మూడేండ్ల పిల్ల నెత్తిన మెల్లగ ఒక్కటియ్యాలనిపిస్తది. పిచ్చిదానా, మూడేండ్లు నువ్వు తిరిగింది గా మాట ఇననీకె గాదానే!