షటిల్ అన్న మాటంటే నాకున్న భయం

మొన్న కోరుట్లలో మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, మనవరాలు తన ఆట చూడమని నన్ను వెంటబెట్టుకుని ఇండోర్ కోర్టుకు తీసుకుపోయింది. గోడవారగా కుర్చీలో కూర్చున్నానో లేదో, ఎవరో గట్టిగా కొట్టిన షటిల్ నా మొహం వైపు దూసుకొచ్చింది. ఈకల బుట్ట, తగిలినా ఏమవుతుంది? నేను మాత్రం రెండు చేతులతో కళ్లు మూసుకుని కుర్చీలోంచి జారి నేలమీద కూలబడ్డాను. పిల్లలు నవ్వారు. మనవరాలు పరుగున వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టి నీళ్లు తెచ్చింది. ఆ పిల్లకు చెప్పలేకపోయిన సంగతి, నా ఈడువాళ్లయితే ఓపిగ్గా వింటారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది సిరిసిల్ల. మా నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. ఆయన ఒక కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు; మరమగ్గాన్ని మావైపు సాంచా అంటారు. నిలువు పోగుల మధ్యనుంచి నూలు మోసుకుంటూ ఈ చివరనుంచి ఆ చివరకు పరుగెత్తే కొయ్యను పెద్దవాళ్లు నాడె అంటే, మిషన్లు బాగుచేసే మేస్త్రి షటిల్ అనేవాడు. ఆ మాట నేను మొదట విన్నది అక్కడే. దాని రెండు కొనలకూ వాడి ఇనుప ముక్కులుండేవి. అప్పుడప్పుడు అది దారి తప్పి ఎగురుతుందని అందరికీ తెలుసు కనుక, మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుపోయే నన్ను గడప దాటవద్దని, బాపు తనంతట తాను చూసేదాకా నోరు మెదపవద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది.

నాకు పదేళ్లప్పుడు ఒకనాడు ఎంతసేపు నిలబడినా బాపు చూడలేదు. తెగిన పోగు ముడివేస్తూ వంగి ఉన్నాడు. బయట నా జతపిల్లలు అష్టాచెమ్మా గీస్తున్నారు. తొందరకొద్దీ గడప దాటి, ఆ చప్పుడులో వినపడాలని గొంతు చించుకుని పిలిచాను. బాపు తల నావైపు తిప్పాడు. ఆయనే నడిపే పక్క సాంచా మీదినుంచి నాడె ఎగరడం నేను చూడనే లేదు. ఆయన మొహం పట్టుకుని కూర్చోవడం, వేళ్ల సందులోంచి రక్తం కారడం చూశాను. నలుగురు మోసుకుపోతుంటే అన్నం గిన్నె పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

ఎడమ కంటి చూపు పోయింది. నేను పిలవకపోతే తిరిగేవాడు కాదు, తిరగకపోతే కన్ను పోయేది కాదు. ఈ లెక్క నా బుర్రలో పడి ఇక వదలలేదు. "నువ్వు ఆడనే ఉన్నవ్ గదా, ఏమైంది బిడ్డా?" అని అమ్మ అడిగితే, చూడలేదని తల అడ్డంగా ఊపాను. తర్వాత ఆ ఒంటికన్నుతోనే బాపు మళ్లీ సాంచాల దగ్గరికి పోయాడు. ఆ మిగిలిన కన్ను ఎర్రబడినా, నీరు కారినా నేను పరుగెత్తి తడిగుడ్డ తెచ్చిచ్చేదాన్ని. సాయంత్రం ఆయన చెప్పుల చప్పుడు వినేదాకా నోట్లో ముద్ద దిగేది కాదు.

ఇంటర్ చదవడానికి జగిత్యాలలో చిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. మాటల పుట్టుక చెప్పడమంటే మా ఇంగ్లీషు సారుకు మహా ఇష్టం. ఒకరోజు షటిల్ అంటే ఏమిటని అడిగారు. ఒకడు బ్యాటుతో ఆడేదన్నాడు, ఒకడు రెండు ఊళ్ల మధ్య తిరిగే బండి అన్నాడు, ఇంకొకడు ఆకాశంలోకి పోయి తిరిగొచ్చే వాహనమన్నాడు. నాకు తెలిసిన అర్థం నేను చెప్పలేదు. అప్పుడు సారు, వెనకటి ఇంగ్లీషువాళ్లు విసిరే బాణాన్ని ఈ మాటతో పిలిచేవారని, అలా దూసుకుపోతుంది కనుకే మగ్గం మీది కొయ్యకు ఆ పేరొచ్చిందని, అటూ ఇటూ తిరిగే బండ్లకు అంటుకున్నది ఆ తర్వాతేనని చెప్పారు. గడియ దూర్చి తలుపు మూయడాన్ని చెప్పే షట్ కూడా ఆ కుటుంబంలోదేనట. అందరూ రాసుకుంటున్నారు. బాపు కంటికి తగిలిన బాణం, ఆ కన్ను మూసుకుపోవడం, రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయని వినగానే నేను కలం పక్కన పెట్టేశాను.

ఆ శనివారమే బస్సెక్కి సిరిసిల్ల పోయాను. అమ్మ బజారుకు వెళ్లేదాకా ఆగి బాపుకు అంతా చెప్పేశాను. ఇక నన్ను బిడ్డా అని పిలవడేమోనని భయపడుతూనే చెప్పాను. ఆయన నన్ను దగ్గరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు పిలిసినందుకు గాదు బిడ్డా. గా సాంచాల నాడెను కొట్టే తోలుపట్ట అరిగిందని నాకు ముందుగాలనే ఎర్క. రేపు మార్పిద్దాం, ఎల్లుండి మార్పిద్దాం అనుకుంటనే ఉన్న. నువ్వు పిలిస్తె తల తిప్పిన గాబట్టి కంటితోని పోయింది. లేకుంటె కణతకు తలుగుతుండె, పానమే పోతుండె."

వాకిలి వైపు చూసి, "పట్ట సంగతి మీ అమ్మకు చెప్పకు" అన్నాడు. అన్నేళ్లుగా ఆయనా భయపడుతూనే ఉన్నాడని అప్పుడు తెలిసింది.

తర్వాత నేనూ చాలా ఏళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఆ మాట వచ్చిన చోట గబగబా పేజీ తిప్పేదాన్ని. ఇప్పుడు నాడె అవసరమే లేకుండా నేసే మగ్గాలు వచ్చాయి. మంచిదే. బాపు పోయి చాలా కాలమైంది. ఆయన కణత గురించి చెప్పింది నిజమో, నన్ను ఊరడించడానికి అప్పటికప్పుడు అన్నాడో, అడుగుదామని ఎన్నోసార్లు పక్కన కూర్చుని, భయపడి లేచి వచ్చాను. ఇప్పుడు అడగడానికి భయం లేదు, చెప్పేందుకు ఆయన లేడు.