అరపడి బొరుగులు, రెండు మార్లు

మద్రాసు వాషర్‌మెన్‌పేటలో ఒక ప్రాథమిక పాఠశాల తెలుగు సెక్షన్లో అయిదో తరగతికి నేను లెక్కలు చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణి అనడానికి సాక్షులున్నారు. పిల్లలకు వచ్చేవి అనడానికి లేరు. అవి యాభైల తొలి సంవత్సరాలు. నేను ట్రెయినింగు లేని తాత్కాలికపు మాస్టరును. వేసవిలోగా ట్రెయినింగుకు ఎంపికైతే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే నేను ఇంట్లో కూర్చుంటాను. ఆ ఎంపిక ఇన్‌స్పెక్టరుగారు రాసే ఒక్క వాక్యం మీద ఉంది. ఆ ఏడు ఆయన భిన్నాల పాఠం చూస్తానని కబురు పెట్టాడు.

మా పాఠ్యపుస్తకం రాసిన మహానుభావుడికి లోకంలో ఉన్న వస్తువల్లా కేకు ఒక్కటే. దాన్ని నాలుగు చేస్తాడు, ఎనిమిది చేస్తాడు. తను తినడు, ఇంకొకరికి పెట్టడు. మా పిల్లల్లో కేకును చూసినవాళ్ళు ఇద్దరు, అదీ బేకరీ అద్దానికి ఇవతలి నుంచి. నేనూ తక్కువ తినలేదు. లవం, హారం అంటూ వారం రోజులు సుద్ద అరగదీశాను. వాళ్ళకు లవలేశమైనా ఎక్కలేదు. అరా, మూడోవంతూ కలపమంటే పైవి రెండూ, కిందివి రెండూ విడివిడిగా కూడి అయిదింట రెండు వంతులు తేల్చారు. కలిపితే సగానికన్నా తగ్గిందేమని అడిగాను.

"మీరే గదా అయ్యోరా, ఏ వరుస ఆ వరుసలో కూడమన్నారు" అన్నారు.

అన్నాను, రెండేళ్ళ కింద వాళ్ళకే మూడో తరగతిలో కూడికలు చెప్పినప్పుడు. నా మాట వాళ్ళకు గుర్తున్నది ఆ ఒక్కసారే.

ముందు బెంచీలో ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మ వీధి మలుపులో బొరుగులు అమ్మేది, పడి అనే కొలపాత్రతో, దాంట్లో సగం పట్టే అరపడితో కొలిచి. కేకును కాదని కొలపాత్రలతో పాఠం చెబితే ఇన్‌స్పెక్టరు ముక్కున వేలేసుకుంటాడని నాకు తోచింది. ముందురోజే ఆ పిల్ల చేత రెండు పాత్రలూ తెప్పించి, నా గదిలో నీళ్ళు పోసి చూసుకున్నాను. అరపడితో రెండుసార్లు పోసిన నీళ్ళు పెద్ద పడిని సరిగ్గా అంచుదాకా నింపాయి. చుక్క పొర్లలేదు. నా తెలివికి నేనే తల ఊపుకున్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు మెళ్ళో వేయాల్సిన హారం వేయించుకుని, నేర్పాల్సిన హారం చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు. పిల్ల బుట్టెడు బొరుగులు తెచ్చింది.

"రెండు అరలు కలిస్తే ఎంత?" అన్నాను.

"ఒకటీ, ఇంకాస్త" అంది.

"బాగా ఆలోచించి చెప్పమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆలోచించేదేంది సార్, దినమూ చూస్తాను గదా. ఈడ చూడండి."

అరపడి పొట్టిది, మూతి వెడల్పు. పిల్ల దాన్ని బొరుగుల్లో ముంచి, గోపురం కట్టినట్టు పైదాకా నింపి పడిలో పోసింది. రెండోసారీ అంతే. పడి నిండింది, దాని మీదా గోపురం లేచింది, మిగిలినవి జారి నేల మీద చెదిరాయి. రెండు అరలు ఒకటిని మించిపోయాయి. నీళ్ళకు గోపురం లేవదన్న సంగతి నాకప్పుడు తెలిసింది.

"అంచుకు గీసి పొయ్యాలమ్మా" అన్నాను నీరసంగా.

"అట్ట గీసి పోస్తే ఎవురు కొంటారు అయ్యోరా? అమ్మను కొడతారు."

వెనక బెంచీలవాళ్ళు నేల మీది శేషాన్ని శేషం లేకుండా తినేశారు. ఆ గదిలో తప్పు లెక్క చెప్పనిది ఆ పిల్ల ఒక్కతే. ఆ మాట ఇన్‌స్పెక్టరుతో అనే ధైర్యం నాకు లేకపోయింది. తప్పమ్మా, కూర్చో అన్నాను. ఆయన పుస్తకంలో ఏదో గీకి లేచిపోయాడు.

నెల తిరిగాక ఆ వాక్యం హెడ్మాస్టరు చదివి వినిపించాడు: "ఈ ఉపాధ్యాయుడికి శిక్షణ అత్యవసరం." బాగా చెప్పినవాళ్ళకు అవసరమని ఆయన రాయలేదు కాబట్టి ఎంపికైనవాణ్ణి నేనొక్కణ్ణే. ట్రెయినింగులో ఏడాదిపాటు అట్టతో కేకులు కత్తిరింపించారు. రెండు సగాలు పక్కపక్కన పెడితే రవ్వంత తేడా రాకుండా అతికాయి. అట్టకూ గోపురం లేవదు మరి. శభాష్ అన్నారు.

తిరిగొచ్చేసరికి ఆ పిల్ల బడి మానేసి వాళ్ళమ్మ చోట కూర్చుంటోంది. పడి బొరుగులు కొనుక్కుందామని వెళ్ళినవాణ్ణి, మాట మార్చి, అరపడి చొప్పున రెండు మార్లు పొయ్యమన్నాను. చదువు కాస్తయినా పనికి రావాలి కదా.

మొదటి అరపడి గోపురం కట్టి పోసింది. రెండోదాని మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి అంచుకు గీసింది.

"మీరు చెప్పిందే అయ్యోరా" అంది, తల ఎత్తకుండా.