రుచయ్య నాలుక

మా షెడ్డులో గొర్రెపిల్లలకు దాణా కలిపే ఆయన్ని అందరం రుచయ్య అంటాం. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. మొక్కజొన్న నూక, తవుడు, వేరుశెనగ చెక్కపిండి కుప్పపోసి పారతో మూడుసార్లు తిరగేస్తాడు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకో దోసెడు ఉప్పు" అంటాడు. కాటా చూసేవాణ్ణి నేను. తూచి ఇస్తానంటే, "నీ కాటాకి ఆకలి తెలుసా బావా?" అనేవాడు. పన్నెండేళ్ళుగా నన్ను బావా అనే పిలుస్తాడు. నిజానికి మాకు ఏ చుట్టరికమూ లేదు.

అమ్మే ముందు రెండు నెలలు మేపి పిల్లల బరువు పెంచడం మా పని. చలికాలంలో అది ఎవరైనా చేస్తారు. ఎండలు ముదిరితే మాత్రం పిల్లలు రొప్పుతూ గోడ నీడకు అతుక్కుంటాయి, తొట్టి వంక చూడవు. అందుకని పొద్దు పొడిచేలోగా ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి దాణా వేస్తాం. నీళ్ళు బాగా తాగాలని కాస్త ఉప్పు పెంచుతాం, పొట్టలో పులుపు చేరకుండా వంటసోడా, పైన ఖనిజాల పొడి కలుపుతాం. ఎంతెంత అన్నది ఏ కాగితం మీదా లేదు, రుచయ్య నోట్లో ఉంది.

ఈ వేసవిలో ఆ లెక్క తప్పింది. నూట ఇరవై పిల్లలు తొట్లో మూతి పెట్టడం, వెంటనే నీళ్ళ దగ్గరకు పరుగెత్తడం. వారం తిరిగినా బరువు ఉన్నచోటే ఉంది. షెడ్డు యజమానురాలు వచ్చి చూసి, గొంతు పెంచకుండానే చెప్పింది.

"సోమవారానికి బరువు పెరక్కపోతే సంచుల్లో వచ్చే దాణా తెప్పిస్తాను. నువ్వింక కలపక్కర్లేదు."

ఆమె వెళ్ళాక రుచయ్య, "ఎండ బావా" అన్నాడు.

"ఎండేమైనా ఈ ఏడే పుట్టిందా?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది.

ఆ రోజు మా ఆవిడ పుట్టింట్లో ఉంది, నాకు ఇంట్లో తిండి లేదు. మధ్యాహ్నం రుచయ్య తనతో తినమన్నాడు. ఆయన ఉండేది షెడ్డు వెనక గదిలోనే. భార్య పోయి నాలుగేళ్ళయింది, పిల్లలు లేరు. ఒక మంచం, ఒక పొయ్యి, ఒకటే కంచం. కంచం నాకిచ్చి తను గిన్నె మూతలో పెట్టుకున్నాడు. బంగాళాదుంప కూర నోట్లో పెట్టానో లేదో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పు కషాయం.

"ఇదేం కూరయ్యా, సముద్రాన్ని వండావా?"

"చప్పగా ఉందని ఇప్పుడేగా ఇంకాస్త వేశాను" అన్నాడు, నేను ఆట పట్టిస్తున్నాననుకుని నవ్వుతూ.

నేను లేచి ఒక గుప్పిట్లో ఉప్పు, ఇంకో గుప్పిట్లో సోడా తెచ్చి ముందు పెట్టాను. రెండూ రుచి చూశాడు. మళ్ళీ చూశాడు.

"రెండూ సున్నంలాగే ఉన్నాయి బావా. చలికాలం చివర్లో పది రోజులు జ్వరమొచ్చింది. అప్పుడే పోయుంటుంది."

ఆ పది రోజులూ గది తలుపు వేసి ఉంటే ఊరెళ్ళాడనుకున్నాం. ఒక్కరమూ తట్టి చూడలేదు.

ఆ సాయంత్రం నేను ఉప్పు తూచాను. మూడు తొట్లలో ఉప్పు మూడు రకాల పాళ్ళలో వేసి పిల్లల్ని వదిలాం. తక్కువ ఉప్పు వేసిన తొట్టి మీద ఎగబడి అడుగు నాకేశాయి. మర్నాటి నుంచి అన్నింటికీ అదే పాళ్ళు. సోమవారానికి బరువు పెరిగింది. యజమానురాలు తల ఊపి, "ఇకనుంచి తూచే కలపండి" అని వెళ్ళిపోయింది.

"గండం గడిచింది, నీ పని నీకుంది" అన్నాను.

రుచయ్య తొట్టి అంచున కూర్చుని ఒక పిల్ల వీపు నిమురుతున్నాడు.

"ఇన్ని నెలలు రెండు పూటలా ఒక్కణ్ణే వండుకు తిన్నాను బావా. ఉప్పెక్కువైందని ముందుగా చెప్పింది వీటి మూతులే. నువ్వొచ్చింది ఆ తర్వాత. ఇవి కూడా గురువారం లారీ ఎక్కేస్తాయి."

పన్నెండేళ్ళుగా బావా అని పిలిపించుకుంటున్నవాణ్ణి, సిగ్గుతో తల దించుకున్నాను.