ఎర్రగుడ్డ పాతిన దారి

పాప పడుకుంది. పడుకుందని పూర్తిగా నమ్మకం లేదు నాకు. అందుకే మంచం పక్కనే స్టూలు వేసుకుని, ఫోను వెలుతురులో ఇది రాస్తున్నాను. ఆయాసంలో వచ్చే పిల్లికూతలు తగ్గాయి, ఊపిరి మామూలుగానే వస్తోంది. అయినా మధ్యలో ఒక్కసారి ఆలస్యమైతే నా కలం ఆగిపోతుంది. మళ్ళీ వినిపించాకే వాక్యం పూర్తిచేస్తాను.

ఈ ఇల్లు ఖాళీ చేసి కూర్మన్నపాలెం వెళ్ళిపోదామని మా ఆయన ఎప్పటినుంచో అంటున్నాడు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని కాబట్టి డ్యూటీకి దగ్గరవుతుంది. దుమ్ము అక్కడ మాత్రం లేదా అని నేను. "అక్కడ రోడ్డయినా ఉంటాది గదా" అంటాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండుతుంది. రోడ్డు మాకూ ఉంది. దాన్ని గోడ కట్టి మూసేస్తామంటున్నారు, అంతే. నేను మూయనివ్వనంటున్నాను. ఎందుకంటున్నానో చెప్పాలంటే మా అమ్మమ్మ ఎర్రగుడ్డ దగ్గర మొదలుపెట్టాలి.

మా వీధి పాతపట్నంలో ఉంది. ఒక పక్క గెడ్డ, ఇంకో పక్క పాత రైలుపట్టాలు. గెడ్డంటే ఒకప్పుడు పడవలు తిరిగిన కాలువేనట. నాకు తెలిసినప్పటి నుంచి మాత్రం ఊరి మురుగే. ఆ గెడ్డ వెంబడి డాక్‌లోకి ఒక లైను వేశారు. మనుషులు ఎక్కే రైలు దాని మీద ఎప్పుడూ రాలేదు. ఓడలకి ఎక్కే ఖనిజం, ఓడల్లోంచి దిగే ఎరువులు, గోధుమలు వేగన్లలో వచ్చేవి, పోయేవి. ఖనిజం వేగన్లు నడిచిన రోజు తీగ మీద ఆరేసిన బట్టలన్నీ ఎర్రబారేవి. మా ఇంట్లో తెల్లబట్ట కొనడం బడి యూనిఫారానికే. దాన్ని ఇంట్లో, కిటికీ మూసి ఆరేసేది అమ్మ.

అమ్మ పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కొట్లో పనికి వెళ్ళేది. బడి సెలవుల్లో నన్ను చూసుకోవడం అమ్మమ్మ వంతు. చూసుకోవడమంటే తనతో పాటు లైను మీదికి తీసుకుపోవడమే.

అమ్మమ్మది ఊడుపు గ్యాంగు. వేగన్లు నింపేటప్పుడూ దింపేటప్పుడూ పట్టాల మధ్య ఒలికిపోయిన సరుకును చీపుళ్ళతో, పారలతో తట్టలకెత్తే ఆడవాళ్ళు. వేగన్ల కింద దూరి, చక్రాల మధ్య వంగి చెయ్యాల్సిన పని. అందుకని దూరే ముందు ఒక్కొక్కరూ పట్టాల పక్కన ఒక కర్ర పాతేవారు. దానికి ఎర్రగుడ్డ. పాత లంగా ముక్కో, చీర చెంగు ముక్కో, ఎవరిది వాళ్ళకి ఆనవాలు. పని ముగించి బయటికొచ్చాక పాతిన మనిషే తన చేత్తో పీక్కోవాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒక్క గుడ్డ నిలబడి ఉన్నా డ్రైవరు ఇంజను కదిపేవాడు కాదు. డ్యూటీ మారేటప్పుడు కూడా, వచ్చినామె ముందు తనది పాతుకున్నాకే వెళ్ళేమనిషి తనది తీసేది.

అమ్మమ్మ కుడికాలికి వేళ్ళు లేవు. వయసులో ఉన్నప్పటి సంగతి. పని మధ్యలో వాన మొదలైతే, కొత్తగా చేరిన ఒకావిడ తన గుడ్డతో పాటు పక్కనున్న అమ్మమ్మ గుడ్డ కూడా పీక్కొచ్చేసింది. తడిసిపోతుందని, సాయం చేస్తున్నాననుకుంది. అమ్మమ్మ ఇంకా వేగను కిందే ఉంది. వేగన్లు కదిలాయి.

"ఆవిణ్ణి తిట్టావా అమ్మమ్మా?" అని అడిగాను ఒకసారి, ఆ కాలికి నూనె రాస్తూ.

"తిట్టీదేటే గుంటా, అది నాకన్న ఎక్కువ ఏడిసింది. నానే ఊరుకోబెట్టినాను. గుడ్డ తడిత్తే ఆరతాది గదే, ఏళ్ళు మొలత్తాయేటే అన్నాను. మల్లీ ఏడిసింది."

ఆ తర్వాత అమ్మమ్మ గుడ్డ జోలికి ఎవరూ రాలేదు. నాకు బాగా గుర్తున్న ఒక మధ్యాహ్నం ఉంది. పని అయిపోయింది, అందరూ తమ గుడ్డలు పీకేశారు, అమ్మమ్మది ఒక్కటే మిగిలింది. తను గట్టు మీద చతికిలబడి, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. మేస్త్రీ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఓలప్పా, బేగి తియ్యే తల్లీ! అక్కడ ఓడ ఆగిపోనాది!"

అమ్మమ్మ చుట్ట తీసి తాపీగా అతని వైపు చూసింది. "ఆగనీ బావూ. ఓడకి సముద్రమంతా ఉంది. నాకీ పొగొక్కటే ఉంది."

గ్యాంగంతా నవ్వింది. ఇంజను డ్రైవరు కూడా కిటికీలోంచి నవ్వాడు. అంత పెద్ద ఇంజను, దాని వెనక అన్ని వేగన్లు, వాటికోసం సముద్రంలో ఓడ, అన్నీ ఒక పాత లంగా ముక్క కోసం ఆగి ఉన్నాయి. ఆ వేళ అమ్మమ్మ పక్కన కూర్చున్నప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో, తర్వాత డిగ్రీ పట్టా చేతికొచ్చినప్పుడు అంత అనిపించలేదు.

తర్వాత బెల్టులొచ్చాయి. సరుకు వాటి మీదుగా నేరుగా ఓడల్లోకి పోవడం మొదలైంది. గ్యాంగు చెదిరిపోయింది, మా లైను మీదికి ఇంజను రావడం మానేసింది. ఇంకెప్పుడూ రాదని ఎవరూ మాకు చెప్పలేదు. చాలాకాలం దాకా మా వీధి ఆడవాళ్ళు పట్టాల దగ్గర ఆగి, రెండువైపులా చూసి మరీ దాటేవారు. రాదని నమ్మకం కుదిరాక ఆ పట్టాల మీద ఎండుచేపలు ఆరబెట్టారు. దాటే చోట, పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు పరిచి, రాళ్ళు కొట్టి, ఆటో పట్టేంత దారి చేసుకున్నారు. దాటితే మెయిన్ రోడ్డు. ఆ దారి లేకపోతే గెడ్డ గట్టు పట్టుకుని వంతెన దాకా నడిచి, చుట్టూ తిరిగి రావాలి. గట్టు మీద ఆటో పోదు.

పాపకి మొదటిసారి ఆయాసం వచ్చిన సాయంత్రం దాని పెదాలు నీలంగా మారిపోయాయి. ఆటో ఆ చెక్కల మీదుగా మా గుమ్మంలోకి వచ్చింది. ఆసుపత్రిలో మందు పొగ పట్టాక డాక్టరమ్మ నా వీపు తట్టి, "టైముకి తెచ్చారమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. టైముకి తెచ్చింది నేను కాదు, ఆ దారి.

డాక్ వాళ్ళు గోడ కడతారన్న సంగతి ముందు పుకారుగా వచ్చింది. పట్టాల వెంబడి ఈ చివర నుంచి ఆ చివరికి ప్రహరీ, మధ్యలో ఖాళీ ఉండదని. అర్జీ రాసింది నేనే, వీధంతా సంతకాలు పెట్టారు. ఆఫీసులో తీసుకుని, చూస్తామన్నారు. ఏం చూశారో గానీ, ఒక పొద్దున్న జేసీబీ వచ్చి మా దారి పక్కన ఆగింది. దాన్ని నడిపేది మన వైపు కుర్రాడే. సూపర్‌వైజరు మాత్రం ఎక్కడివాడో, పుస్తకాల్లో ఉన్నట్టు మాట్లాడాడు.

నేను పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడిపోయాను. ఆ దుమ్ముకి దానికి దగ్గు మొదలవుతుందేమోనని ఒక భయం, లోపలికెళితే ఇక్కడేమైపోతుందోనని ఇంకో భయం. ఈలోగా అమ్మమ్మ ఇంట్లోంచి కుంటుకుంటూ వచ్చింది. చేతిలో బట్టలారేసే దండెం కర్ర, దానికి తన పాత ఎర్రలంగా. వెళ్ళి, దారికి సరిగ్గా మధ్యలో, చెక్కల సందులో పాతింది. పాతి, పక్కనే కూలబడి చుట్ట తీసింది.

"ఇదేంటమ్మా? తియ్యండి, పని మొదలవ్వాలి" అన్నాడు సూపర్‌వైజరు.

"నా పని అవనీ బావూ, తీత్తాను."

"ఏం పని?"

"పొగ."

మా వీధిలో ఎండుచేపలమ్మే ఆవిడ పకాలున నవ్వింది. అతను డ్రైవరు వైపు తిరిగి, తీసి పక్కన పడేసి పని కానివ్వమన్నాడు. ఆ కుర్రాడు దిగాడు. గుడ్డ దాకా వచ్చి, ఆగి, అమ్మమ్మ కాలు చూశాడు.

"మామ్మా, నివ్వు డాకులో సేసినావేటి?"

"సేసినాను. నివ్వెవులోడివి?"

"మా తాత ఆ డాకులోనే వేగన్లకి లింకులు ఏసీవోడు." వెళ్ళి మిషను ఆపేసి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "నాను తియ్యను సార్. ఎవులు పాతితే ఆలే తియ్యాల. మా ఇంట్లో తెలిత్తే నాకు కూడెట్టరు."

"సరే, నేనే తీస్తాను" అని సూపర్‌వైజరు ముందుకొచ్చాడు.

"తియ్యి బావూ" అంది అమ్మమ్మ, కదలకుండా. "తీసినోడే బండి తోలాల. తోలడం వచ్చేటి నీకు?"

ఇంటి గుమ్మాలన్నీ అప్పటికే నిండిపోయాయి. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, ఫోను చెవిన పెట్టుకుని దూరంగా వెళ్ళాడు. కాసేపటికి వచ్చి, మిగతా పని కానివ్వండి, ఈ ముక్క చివర్లో చూద్దామన్నాడు. గోడ అటునుంచీ ఇటునుంచీ కట్టుకుంటూ వచ్చి, గుడ్డకి ఆ పక్కా ఈ పక్కా ఆగింది. మధ్యలో ఆటో పట్టేంత జాగా మిగిలింది.

వానల్లో అమ్మమ్మ మంచం పట్టింది. నాకు పాప గుబులొక్కటే కాకుండా ఇద్దరిదీ పట్టుకుంది. కాస్త తేరుకున్న ఒక పూట నన్ను దగ్గరికి పిలిచింది.

"నీ కాడ ఎర్రగుడ్డ ఉందేటే?"

పెళ్ళికి కట్టుకున్న చీర తాలూకు జాకెట్టు ఉందన్నాను. పాప పుట్టాక అది నాకు పట్టడం లేదు.

"తే. నన్నాడకి తీసుకుపో."

మా ఆయనా, ఎదురింటాయనా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. "ఆసుపత్రికి రమ్మంటే రాదు, గుడ్డ కాడికైతే పల్లకీ కావాల" అని మా ఆయన సణిగాడు. "మోయరా, మనవరాల్ని ఊరకే ఇచ్చీసినానేటి" అంది అమ్మమ్మ. అక్కడికి చేరాక నన్ను ముందు పాతమంది. కర్ర దింపాను. ఒకపక్కకి ఒరిగింది. లోతుగా దింపమని కసిరింది. మళ్ళీ దింపాను. కదిపి చూసి, సరే అంది. అప్పుడు ముందుకి వంగి, రెండు చేతులతో తన కర్ర పీకింది. ఎవరినీ పట్టుకోనివ్వలేదు. లంగా ముక్క ఊడదీసి, మడిచి, బొడ్లో దోపుకుంది.

"నా డ్యూటీ దిగిపోనాది" అంది, కుర్చీలో వెనక్కి వాలుతూ.

వానలు వెనకబట్టే లోపే పోయింది.

మొన్న సూపర్‌వైజరు మళ్ళీ వచ్చాడు. చెడ్డవాడు కాదు, పాపం, ముందు పరామర్శించాడు. "పెద్దావిడ పోయారని తెలిసింది. ఆ గుడ్డ ఇంక తీసేసి గోడ కలిపేస్తామమ్మా."

"ఆవిడది ఆవిడ తీసేసుకుంది. ఇది నాది" అన్నాను.

"మరి మీరెప్పుడు తీస్తారు?"

"నా పని అయ్యాక."

ఏం పని అని అడగబోయి, నా చంకలో దగ్గుతున్న పాపని చూశాడు. వచ్చేవారం వేరే మిషను, వేరే డ్రైవర్ని తెస్తానని మాత్రం చెప్పి వెళ్ళాడు.

అప్పట్నుంచి ఒకటే ఆలోచన. ఏ పెందుర్తి నుంచో, ఇంకా దూరం నుంచో, తాతలెవరూ డాక్‌లో చెయ్యని డ్రైవర్ని తెస్తే? గుడ్డంటే వాడికి గుడ్డే కదా. భయం లేదని అబద్ధం రాయను. పాప ఊపిరి విన్నంతసేపూ భయమే. కానీ భయపడే మనిషి దారి ఇచ్చేస్తుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ డ్రైవరొస్తే గుడ్డ పక్కన కూర్చుని, అమ్మమ్మ కాలి సంగతి మొదట్నుంచి చెబుతాను. వాడు వినేదాకా చెబుతాను. చుట్ట అలవాటు లేదు గనక టీ ఫ్లాస్కు పట్టుకెళతాను. మా వీధంతా తలో కర్రా తయారుగా ఉంచుకుంది. ఎండుచేపల ఆవిడైతే తన మొగుడి ఎర్రతువ్వాలు ఇప్పటికే దాచేసింది, అతను స్నానం చేసి వెతుక్కుంటున్నాడు.

నిన్నటినుంచి మా ఆయన కూర్మన్నపాలెం ఊసెత్తడం లేదు. డ్యూటీ నుంచి వస్తూ వస్తూ ఒక ఇనుప ఊచ తెచ్చి తలుపు పక్కన పెట్టాడు. కర్రయితే చెదలు పడుతుందనేమో.

జాకెట్టు గుడ్డ ఎండకి వెలిసిపోతోంది. తెల్లారాక కొత్త గుడ్డ కట్టి ఆ ఊచ పాతాలి. దింపి, కదిపి చూసుకుని, గట్టిగా నిలిచాకే పాతది పీకుతాను.