ఆది గౌను

మా ఇంట్లో అమ్మ కొట్టడం మానేసిందంటే ఏదో ముంచుకొస్తోందని అర్థం. ఎనిమిది మంది పిల్లల్ని కని, పొద్దున్నే చేపల గంప నెత్తికెత్తుకుని పోర్ట్ బ్లెయిర్ బజారంతా తిరిగొచ్చే మనిషికి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నచ్చజెప్పే తీరిక ఎక్కడిది? చేతిలో గరిట ఉంటే గరిట, తాడు ఉంటే తాడు. దెబ్బ తప్పు చేసినవాళ్ళకే తగలాలని కూడా లేదు, దగ్గర్లో ఉన్నవాళ్ళకు తగిలినా సరిపోయేది. అలాంటి అమ్మ, ఆ వేసవిలో అత్త ఓడ దిగిన దగ్గర్నుంచి మమ్మల్ని మెల్లగా పిలవడం మొదలుపెట్టింది. పెద్దన్న నీళ్ళ కుండ పగలగొడితే, "పోన్లే, కాలికి గుచ్చుకోలేదు గదా" అంది. వాడు తెల్లమొహం వేసి నిలబడ్డాడు.

అత్త అంటే నాన్నకు అక్క. నాన్న పసివాడిగా ఉన్నప్పుడే వాళ్ళమ్మ పోతే, ఈవిడే చంకనేసుకుని పెంచింది. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు, దీవుల్లో చేపల వేటకు మనుషులు కావాలంటే నాన్న శ్రీకాకుళం తీరం వదిలి ఓడెక్కేశాడు. అత్త పెళ్ళయి విశాఖపట్నంలో ఉండిపోయింది. ఆమెకు పిల్లలు లేరు. ఆ సంగతి మా ఇంట్లో ఎప్పుడు మాట్లాడుకున్నా నాన్న లేచి బయటకు వెళ్ళి వల బాగుచేసుకునేవాడు.

పోర్ట్ బ్లెయిర్‌లోనే డిగ్నాబాద్ పేటలో చెక్క గోడలు, రేకుల కప్పు ఉన్న రెండు గదుల ఇల్లు మాది. పక్కింట్లో రాంచీ వాళ్ళు, ఎదురింట్లో బెంగాలీలు. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. తిట్లు మాత్రం ఇంటా బయటా హిందీలోనే బాగా వచ్చేవి. అత్త వచ్చిన రోజే మా మాటలు విని నోరు నొక్కుకుంది. తెచ్చిన తాటి తాండ్ర అందరికీ పంచింది. పంచుతూ ఒక్కొక్కరి ముఖం ఎత్తి చూసింది, చెవుల వెనక చూసింది, అరచేతులు తిప్పి చూసింది. వేలం దగ్గర అమ్మ చేపను తిప్పి మొప్పలు చూసినట్టే ఉంది ఆ చూపు. నేను చేయి వెనక్కి లాక్కున్నాను. తాండ్ర మాత్రం వదల్లేదు.

అసలు మాట మర్నాడే బయటపడింది. నాన్న వాకిట్లో వల ముందేసుకుని కూర్చున్నాడు. అత్త ఎదురుగా కూర్చుంది. మేము చుట్టూ ఆడుకుంటూనే ఉన్నాం. పెద్దవాళ్ళకు ఒక నమ్మకం ఉంటుంది, ఆడుకునే పిల్లలకు చెవులు పనిచేయవని.

"మగోడ్నడిగినానేట్రా నిన్ను? పడవ లాగే సేతులు నాకొద్దు. ఒక ఆడగుంటనియ్యి, సాలు. పెంచుకుంతాను" అంది అత్త.

నాన్న దారం కొరికాడు. "సూద్దుంలే అప్పా" అన్నాడు.

నాన్న ఎవరికైనా 'కాదు' అనలేనప్పుడు అనే మాట అది. పెంచిన అక్క ముందు కాదనే నోరు ఆయనకు లేదు. అది అత్తకూ తెలుసు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మకూ తెలుసు. అమ్మ లోపలికి పోయి పొయ్యి ఊదింది. ఆ పొయ్యి అప్పటికే మండుతోంది.

మాలో ఆడపిల్లలు ముగ్గురమే. అక్క, నేను, చెల్లి. అక్క పెద్దదైపోయింది. వంటా, చంటివాడూ, ఎండు చేపలూ అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి, ఆమెను పంపితే ఇల్లు కూలబడుతుంది. నన్నెవరు కోరుకుంటారు? బొంగురు గొంతూ, చెక్కుకుపోయిన మోకాళ్ళూ, ఎవరేమన్నా పదింతలు తిరిగి అనే నోరూ. మిగిలింది చెల్లి. చెల్లికి ఆరేళ్ళు. గుండ్రటి ముఖం, గట్టిగా పిలిస్తేనే కళ్ళలో నీళ్ళు తిరిగే పిల్ల. రాత్రి నా చెవి తమ్మె పట్టుకుంటే గానీ నిద్రపోదు. అత్త దాన్నే ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వేది, దానికే చేప ముళ్ళు తీసి పెట్టేది. ఇంకా చెప్పాలా? మా పిల్లలందరికీ తేలిపోయింది. చెల్లి మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. అమ్మ కొంగు పట్టుకుని ఇల్లంతా తిరిగింది, పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టింది.

తిరుగు ఓడ ఎప్పుడో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ రోజుల్లో అంతే, జెట్టీలో బోర్డు మీద రాస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు. నాన్న సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ ఆయన వైపు చూసేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. అప్పుడు అమ్మ అన్నం వడ్డించేది. ఆ తల ఊపు కోసం నేనూ కాచుక్కూర్చునేదాన్ని. ఇవాళ లేదు అనుకుని అన్నం తినేదాన్ని. రేపు ఉండదని ఎవరు చెప్పాలి?

నేను ఊరుకునే రకం కాదు. అత్తను తరిమేస్తే చెల్లి మిగులుతుందని నా లెక్క. ఆవిడ చెప్పులు రేకుల మీదికి విసిరాను. స్నానానికి నీళ్ళు తోడమంటే ఉప్పు నీళ్ళు తోడాను. ఎదురుగా నిలబడి నవ్వుతూ హిందీలో తిట్టాను. పక్కింటి దీదీ విని, "అరే, ఛీ" అంటూ పమిట అడ్డం పెట్టుకుంది. అత్త మాత్రం కోపం తెచ్చుకోలేదు. తల ఒక పక్కకు వంచి విన్నది.

"దీని మాట నాకు తెలవదు గానీ, తిడతందని తెలస్తంది" అంది అమ్మతో. "గట్టి గుంటే."

అమ్మ నవ్వలేదు. నన్ను కొట్టనూ లేదు. నా వైపు కాసేపు చూసి, కళ్ళు తిప్పుకుంది.

తర్వాత గుడ్డ వచ్చింది. మా ఇంట్లో కొత్త బట్టలంటే ఏటా దసరాకి ఒక్క తాను. అన్నల చొక్కాలు, మా గౌన్లు, చంటివాడి లాగు, అన్నీ అందులోంచే. వరసగా బజారులో నడుస్తుంటే బ్యాండు మేళం వస్తోందని జనం నవ్వేవారు. అలాంటిది, పండగా పబ్బమూ లేకుండా నాన్న ఒక కాగితం పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. పసుపు మీద ఎర్ర పూలు. ఒక్క పిల్లకు సరిపోయే ముక్క. అమ్మ దాన్ని రేకు పెట్టెలో, అన్నిటి కింద పెట్టి మూత వేసింది. మేమందరం చూశాం, ఎవ్వరం నాక్కావాలని ఏడవలేదు. కొత్త గుడ్డకు ఏడవని పిల్లల్ని మా ఇంట్లో నేను అదొక్కసారే చూశాను.

రెండు రోజులకు దండెం మీద నీలం గౌను కనబడలేదు. ఆ రోజుల్లో దర్జీ మనిషిని కొలిచేవాడు కాదు, పాత బట్ట ఒకటి ఇస్తే దాన్ని పెట్టి కొత్తది కుట్టేవాడు. దాన్నే ఆది అంటాం. ఎవరి ఆది వెళ్ళిందో వాళ్ళే వెళతారని మాకు అర్థమైంది. నీలం గౌను మొదట అక్కది, తర్వాత నాది, ఇప్పుడు చెల్లిది. మా ఇంట్లో బట్టలన్నీ అలా ఒకరి ఒంటి మీంచి ఒకరి ఒంటి మీదికి దిగేవే. ఇప్పుడు వేసుకునేది చెల్లి కాబట్టి ఇంకా అనుమానం ఏముంది?

"నీలం గౌనేదే అమ్మా?" అని అక్క అడిగింది.

"గాలికెగిరిపోనాదేమో. ఎల్లి పని సూసుకో" అంది అమ్మ.

ఆ రోజు ఆకు కూడా కదల్లేదు.

బడి నుంచి వస్తూ బజారులో దర్జీ కొట్టు ముందు ఆగాను. మా గౌను మేకుకి వేలాడుతోంది. కింద బల్ల మీద పసుపు గుడ్డ పరిచి దర్జీ సుద్దతో గీత గీస్తున్నాడు.

"ఎవరికి భయ్యా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"మీ అమ్మనే అడుగు. దీనికంటే జానెడు పొడుగు, నాలుగు వేళ్ళు వెడల్పు పెట్టమని చెప్పింది" అన్నాడు తలెత్తకుండా.

జానెడు పొడుగు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదిగే పిల్ల కదా, చాలా కాలం రావాలని అమ్మ వదులుగా కుట్టిస్తోంది. అంటే పంపేది నెలకూ రెణ్ణెల్లకూ కాదు. చెల్లి ఆ జానెడూ ఎదిగేది అక్కడే. ఆ మేకు మీంచి గౌను లాక్కుని పరిగెత్తాలనిపించింది. పరిగెత్తితే మాత్రం ఏం ఆగుతుంది? ఇంటికొచ్చి చెల్లిని వెతికి పట్టుకుని, ఇక దాని చేయి వదల్లేదు. కుళాయి దగ్గరికైనా, దొడ్డికైనా నా వెంటే తిప్పాను. అది విసుక్కుంది కూడా.

ఒక సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుంటూ తల నిలువుగా ఊపాడు.

మర్నాడు పొద్దున అమ్మ చేపలకు వెళ్ళలేదు. మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి తలలకు నూనె పెట్టింది, నీళ్ళు పోసింది. అన్నలు గోడకు ఆనుకుని నిలబడ్డారు. అత్త తన సంచీ కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఓడ కూత జెట్టీ వైపు నుంచి ఒకసారి వినబడింది. చెల్లి వణకడం మొదలుపెట్టింది. అమ్మ కాగితం విప్పి పసుపు గౌను దులిపి పట్టుకుంది.

నేను చెల్లికి అడ్డంగా నిలబడ్డాను. "దీనికి తొడగనివ్వను. ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను.

"దానికి కాదు" అంది అమ్మ. "సేతులెత్తు."

ఎందుకో ఎత్తాను. అమ్మ ఆ గొంతుతో చెబితే మేము ఎత్తేసేవాళ్ళం, అంతే. కొత్త గుడ్డ గంజి వాసనలో ఒక క్షణం ఏమీ కనబడలేదు. తల బయటకు వచ్చేసరికి గౌను నా మోకాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. భుజాలు సరిపోయాయి, నడుం సరిపోయింది. ఎక్కడా ఒక వేలు వదులు లేదు.

"నా గౌను తీసుకెళ్ళొచ్చు కదా ఆదికి" అన్నాను. నాకు తోచిన మాట అదే.

"నీ గౌను తీస్తే నీకు తెలిసిపోద్ది. ఇల్లు పీకి పందిరేసేద్దువు" అంది అమ్మ, వెనక గుండీలు పెడుతూ.

నేను ఇల్లు పీకలేదు. చెల్లి వణుకు ఆగిపోయింది. అది నెమ్మదిగా దగ్గరికి వచ్చి, ఎర్ర పువ్వు ఒకటి వేలితో ముట్టుకుని, "బాగుందక్కా" అంది. దాని ముఖం తేటపడింది. దాన్ని కాపాడాలనే కదా నేను ఇన్నాళ్ళూ కొట్టుకున్నది, మరి ఆ తేట ముఖం చూస్తే నాకు అంత కోపం ఎందుకు వచ్చింది? వచ్చింది, అంతే. ఈ రోజుకీ పూర్తిగా పోలేదు. చెవి తమ్మె పట్టుకోవడానికి దానికి ఆ రాత్రి ఇంకెవరో దొరికి ఉంటారు.

జెట్టీ దాకా అమ్మా నాన్నా వచ్చారు. నాన్న సంచీలు మోస్తూ ముందు నడిచాడు, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఓడ మెట్ల దగ్గర జనం తోసుకుంటున్నారు. అత్త నా మణికట్టు పట్టుకుంది. నేను అమ్మ వైపు తిరిగాను.

"నేనే ఎందుకు?" అన్నాను. "అత్తకి చెల్లి అంటే ఇష్టం కదా."

"ఆవిడకి ఎవరైనా ఒకటే" అంది అమ్మ. "ఎవర్నిచ్చేదో నన్నే సెప్పమంది. నానే నీ పేరు సెప్పినాను."

నన్ను ఎంచింది అత్త అయ్యుంటే భరించేదాన్ని. అమ్మ ముంగాళ్ళ మీద కూర్చుని, నా గౌను అంచు సరిచేస్తున్నట్టు తల దించుకునే మాట్లాడింది.

"సెల్లిని పంపితే అది బెంగెట్టుకుని సచ్చిపోద్ది. నువ్వలాక్కాదు. నన్ను తిట్టుకుంతావు. తిట్టుకుంతా బతికేస్తావు."

అమ్మ చెప్పినట్టే అయింది. ఓడలో నాలుగు రోజులూ తిట్టాను. విశాఖపట్నంలో, అత్త చేతి అన్నం తింటూ, అక్కడి బడిలో నా తెలుగు విని పిల్లలు నవ్వినప్పుడల్లా, జ్వరం వచ్చినప్పుడల్లా, పెళ్ళిలో, పురిట్లో, అమ్మను తిట్టుకుంటూనే లేచి నిలబడ్డాను. మధ్యలో రెండుసార్లు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి వచ్చినా ఆ కోపం ఆమె ముందు పెట్టలేదు. అది నాకు రోజూ కావాలి, అక్కడ ఖర్చు చేయబుద్ధి కాలేదు. అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చిన రోజు, నా పిల్లలకు అన్నాలు పెట్టి, గిన్నెలు కడిగి, అలవాటు కొద్దీ తిట్టబోయాను. ఒక్క తిట్టూ రాలేదు. ఇక ఎలా బతకాలో నాకు ఆ రోజు తెలియలేదు.